మన్మథరావు శనివారం

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక మన్మథరావు ఉంటాడు. నేమ్‌ప్లేటు మీద వేరే పేరుంటుంది లెండి. యాభై దాటిన వయసు, పాతికేళ్ల కాపురం, బీపీ మాత్ర, బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం. వారమంతా పరమ సాత్వికుడు. శనివారం సాయంత్రం మాత్రం రెండోసారి స్నానం చేసి, బేరమాడి మూరెడు మల్లెపూలు తెచ్చి, చొక్కా నిండా సెంటు కొట్టుకుంటాడు. హాల్లో టీవీ చూస్తున్న తల్లి ఆ వాసన బట్టి ఏ వారమో చెప్పెయ్యగలదు.

శనివారమే ఎందుకంటే మర్నాడు సెలవు. వాళ్లావిడ వెంకన్న పేరు చెప్పుకుని ఆ రోజే ఒక్కపొద్దు ఉంటుందన్న సంగతి పాతికేళ్లుగా ఆయన లెక్కలోకి రాలేదు.

పదింటికల్లా మంచమెక్కి కూర్చుంటాడు. వంటింట్లో గ్రైండరు తిరుగుతూ ఉంటుంది.

“ఇంకా ఎంతసేపోయ్?”

“మీరు పడుకోండి. పిండి తీసేసి వస్తా.”

పిండి తీశాక పాలు తోడెయ్యాలి, గ్యాసు కట్టెయ్యాలి, అత్తగారికి రాత్రి మాత్ర ఇవ్వాలి. అత్తగారంటే ఆయన్ని కన్నతల్లే, అయినా ఆ మాత్ర ఏ రంగులో ఉంటుందో ఆయనకి తెలీదు. అన్నీ అయి ఆవిడ గదిలోకొచ్చి తలుపేస్తే గడియ పడదు. వానాకాలంలో తలుపు ఉబ్బింది. అది ఏ ఏడు వానాకాలమో ఎవరికీ గుర్తులేదు. స్టూలు అడ్డం పెట్టాలి. ఇంతలో హాల్లోంచి దగ్గు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటుంది.

మర్నాడు పార్కులో తీర్మానం: “మా ఆవిడకి ఆసక్తి పోయిందండీ. మెనోపాజు.” ఆ మాట స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారి శీర్షిక చదివి పట్టుకున్నాడు. ప్రశ్నలన్నీ కళ్లకద్దుకుని చదివి, జవాబులు పైపైన చూసి వదిలేసే రకం.

ఆయన నమ్మకం ఒక్కటే: కోరిక ముందు పుట్టాలి, మిగతాదంతా దాని వెనక నడవాలి. కెనడా డాక్టరు రోజ్‌మేరీ బాసన్ 2000లోనే దీన్ని తిరగేసి చెప్పింది. ఏళ్లకేళ్లు కలిసి బతికిన చాలామంది ఆడవాళ్లకి కోరిక ముందు రాదట. తీరిగ్గా నాలుగు మాటలూ, దగ్గరితనమూ, స్పర్శా అయ్యాక నెమ్మదిగా వస్తుందట. అది రోగం కాదు. ఆ రోజుల్లోనే అమెరికాలో కిన్సీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మనిషిలో కోరికని రేపే ఏర్పాటు ఒకటీ, దాన్ని ఆపే ఏర్పాటు ఒకటీ వేరువేరుగా ఉంటాయన్నారు. మల్లెపూలు మొదటిదాన్ని ఎంత కదిలించినా గ్రైండరూ, దగ్గూ, గడియా కలిసి రెండోదాన్ని బిగించేస్తాయి. మన్మథరావు మాత్రం సెంటు మారుస్తాడు.

సెంటు మార్చినా లాభం లేకపోతే, తనని ఎరగని పేట చూసుకుని మందుల షాపుకి వెళ్తాడు. కౌంటరు మీదకి వంగి గొణుగుతాడు. కుర్రాడు నిండు గొంతుతో అడుగుతాడు.

“యాభయ్యా, వందా అంకుల్?”

“ఎంతైనా ఇస్తాను గానీ, నువ్వు మెల్లిగా మాట్లాడు నాయనా.”

కుర్రాడు అడిగింది మిల్లీగ్రాముల సంగతి. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన ఆ మాత్ర రక్తప్రసారం సంగతి చూస్తుంది గానీ కోరిక పుట్టించదు, అందులోనూ పక్కమనిషికి. గుండెజబ్బుకి నైట్రేట్లు వాడేవాళ్లు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. డాక్టర్ని అడగాల్సినవి ఇవన్నీ. గొణుగుడులో కుదరవు.

ఒక్కసారి మాత్రం ఆయన గుండె నిజంగా ఝల్లుమంది. తణుకులో బంధువుల పెళ్లి. పులిహోర తక్కువైందని వాళ్లావిడ నడుముకి కొంగు దోపి క్యాటరింగ్ అతన్ని నిలదీస్తోంది. మధ్యలో ఏదో అని అతన్నే నవ్విస్తోంది. పందిరి ఈ చివర నుంచి చూస్తుంటే ఎవరో కొత్తావిడలా అనిపించింది. కాపురంలో కోరిక నిలవాలంటే కాస్త ఎడం కావాలని దంపతులకి సలహాలిచ్చే థెరపిస్టు ఎస్తేర్ పెరెల్ 2006లో పుస్తకమే రాసింది. అది చదవకుండానే ఆ పూట ఆయనకి ఒంటికి తెలిసొచ్చింది. కారెక్కగానే ఎంతో ప్రేమగా ఆవిడ వైపు తిరిగి నోరు తెరిచాడు.

“ఈ నెల మెయింటెనెన్స్ కట్టావా?”

నన్నడిగితే ఆయనకి రసికతలో లోటేమీ లేదు, ఉన్న లోటంతా పనుల్లోనే. అయ్యా, ఈసారి పిండి మీరు తీయండి. మీ అమ్మగారి మాత్ర మీరే ఇవ్వండి. ఆ గడియకి వడ్రంగిని పిలవండి, అరగంట పని.