ఇన్వర్టరు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. వాట్లు చూడకుండ పైసలే లెక్కించి
పెట్టె కొన్నవాడు బెంగతోడ
మోటరొక్కటేసి మొత్తుకోవలెనయ్య
రాతిసీమ యెండ రగులువేళ

టీక: వాట్లు చూడకుండ = పెట్టె వెనక చీటీలోని సన్నక్షరాలను విడిచి; పైసలే లెక్కించి = "ఇంకో ఐదొందలు తగ్గించన్నా" అని బేరమాడి; పెట్టె = సోలారు ఇన్వర్టరును; కొన్నవాడు = బేతంచెర్ల నాపరాతి గనికాడ, కరెంటు తీగ చేరని కాపలా గది గల ఆసామి; బెంగతోడ = గుండె దడదడలాడగా; మోటరొక్కటేసి = తొట్టి నింపే అర హెచ్‌పీ పంపు స్విచ్చి నొక్కి; మొత్తుకోవలెనయ్య = స్పష్టము; రాతిసీమ, యెండ, రగులువేళ = వీటి సంగతి కింద.

తాత్పర్యము: చౌక ఇన్వర్టరు మోటరు వేయగానే కీచుమని ఆగిపోవునని భావము.

విశేషములు: "వాట్లు" అన్నచోట "వీఏలు" (వోల్ట్-ఆంపియర్లు) అని అంగళ్లలో ఒక పాఠాంతరమున్నది. "వెయ్యి వీఏ అన్నా, ఇల్లంతా లాగుతాది" అనువారు దీనినే ఆశ్రయింతురు. ఆ పాఠముతో గణమూ చెడును, లెక్కా చెడును. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయిన పెట్టెలో 1000 వీఏ అనగా 800 వాట్లే.

అర హెచ్‌పీ అంటే 373 వాట్లే కదా, 800లో ఇమడదా అని పూర్వపక్షము. ఇమడదు. 373 అన్నది మోటరు ఇరుసు దగ్గర చేసే పని. మోటరు తాగేది అంతకన్న ఎక్కువ. పైగా నిలిచియున్న మోటరు లేచే క్షణాన నడిచేటప్పటికి ఐదారింతల కరెంటు లాగును. కనుక పెట్టె ఓర్చు క్షణికపు పోటు (సర్జ్) ఎంత, ఎన్ని సెకన్లు అని అడగవలెను. లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మరున్న బరువు పెట్టె ఈ కుదుపును బాగా ఓర్చును. మోసేవాడు తిట్టుకొన్నా సరే. ప్యూర్ సైన్ వేవే తీసుకోవలెను. స్క్వేర్ వేవ్ మీద మోటరు గుర్రుమని మూలిగి వేడెక్కును.

ఎండ రగిలితే సోలారుకు మేలే కదా అని శిష్యుని సందేహము. ప్యానెలు వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. పలక అంతకు మించి కాగిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం జారును. ఇన్వర్టరూ వేడికి తన శక్తిని కుదించుకొనును. "రాతిసీమ" సాభిప్రాయ విశేషణము: కోత మిషన్ల తెల్లపొడి లోపలి ఫ్యాను రెక్కలకు మెత్తి గాలి ఆడనీయదు.

కవి రెండు సంగతులు వదిలినాడు. దాపులనే గని, శకునాల అను ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కున్నది. అక్కడి ఇన్వర్టర్లు గ్రిడ్డును చూచుకొని నడుచు జాతివి. అట్టి ఆన్‌గ్రిడ్ పెట్టెను ధర తక్కువని కాపలా గదికి తెచ్చినచో మిట్టమధ్యాహ్నమైనా కదలదు. గాలిమర కూడా పెట్టుకొన్నవారు, బ్యాటరీ నిండాక మిగులు కరెంటు మింగే డంప్ లోడు ఉన్నదో లేదో చూచుకోవలెను. లేనిచో భారము తప్పిన మర వేగము పట్టలేము.