నైట్రేట్లకు గుల్లల వైద్యం

ఉప్పునీటి అక్వేరియంలో నైట్రేటు పరీక్ష చేస్తే గొట్టంలో నీళ్లు ఎర్రగా తిరిగాయా? కంగారు పడకండి. మేత తగ్గించమనేవాళ్లూ, నీళ్లు మార్చమనేవాళ్లూ నలుగురు తయారవుతారు. వాళ్లకి కాఫీ ఇచ్చి పంపించేసి, తిన్నగా చేపల మార్కెట్టుకి వెళ్లి కిలో గుల్లలు తెచ్చుకోండి. సముద్రాన్నే వడగట్టేవాటికి మీ ట్యాంకు ఒక లెక్కా!

ఏ గుల్ల అంటారా? ట్రైడాక్నా అనే పెద్ద గుల్ల కండలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. వెలుతురు తగిలినంతసేపూ అది నీళ్లలోని అమ్మోనియానీ నైట్రేటునీ వాడుకుంటుంది. ఈ వైద్యం కబురు పుట్టింది దాని పుణ్యమానే. కాకపోతే దానికి ఖరీదైన లైట్లు కావాలి, పైగా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని కాపాడుతోంది. ఎందుకొచ్చిన గొడవ, కూరకి కొనే గుల్లే మేలు. దాని ఒంట్లో ఆ నాచు లేదనేది చిన్న తేడా, మనసులో పెట్టుకోకండి.

కూర గుల్ల వడగట్టేది నీళ్లలో తేలే నలుసుల్ని. నైట్రేటు జోలికి అది పోదు. తిన్నాక అమ్మోనియా వదుల్తుంది, దాన్ని బాక్టీరియా నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. అంటే బయట కొననక్కర్లేకుండా నైట్రేటు ఇంట్లోనే తయారు! నీళ్లు మరీ తేటగా ఉంటే తిండి దొరక్క గుల్ల చిక్కిపోతుంది. అప్పుడు సీసాల్లో అమ్మే ఫైటోప్లాంక్టన్ పొయ్యండి. అందులోనూ నత్రజని ఉంటుంది, పోనివ్వండి. నైట్రేటు ఇంకా పెరిగితే ఇంకో కిలో వెయ్యండి.

గుల్లల పెంపకం వల్ల ఉప్పుటేరుల్లో నత్రజని తగ్గుతుందన్నమాట నిజమే. అక్కడ పెరిగినవాటిని జనం బయటికి తీసి వండుకుంటారు. ఒంట్లో చేరిన నత్రజని వాటితోపాటే ఒడ్డెక్కుతుంది. మీరు మాత్రం ఒక్కదాన్నీ తియ్యకండి. పాపం, ప్రాణం కదా.

తెచ్చినవాటిని వెంటనే ట్యాంకులో గుమ్మరించండి. నదీ మొగల్లో సగం తియ్యనీళ్లకి అలవాటుపడ్డ గుల్లకి 35 పీపీటీ ఉప్పుని కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలంటారు, అంత ఓపిక ఎవరికుంది? ఇసుకలో లోతుగా పూడ్చెయ్యండి, ఏది బతికుందో ఏది పోయిందో తెలియకుండా. తాకినా నోరు మూసుకోని గుల్ల చచ్చినట్టే అన్న ఎరుక వంటింటి వరకే. ఇసుకలో అది కుళ్లి అమ్మోనియా పెరిగాక, తెల్లారేసరికి క్లౌన్ ఫిష్ పైకొచ్చి రొప్పుతుంటుంది. ఆకలేమో, మేత వెయ్యండి.

మీ పక్కింటాయన కీటో అనే నాచుని పక్క ట్యాంకులో పెంచి, ఎదిగింది ఎదిగినట్టు తీసి పారేస్తుంటాడు. వారంవారం పదోవంతు నీళ్లు మారుస్తాడు. ఆయన మాట అస్సలు వినకండి. ఆయన ట్యాంకులో ఒక్క గుల్ల కూడా లేదు.