నాలుగు రెక్కల ఈగ ఆత్మకథ

కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పసడీనా నగరమున, కాల్టెక్ విద్యాసంస్థకు చెందిన ప్రయోగశాలలో, మొక్కజొన్న పిండియు ఈస్టును కలిపి వండిన మేత గల గాజుసీసాయందు నేను జన్మించితిని. మాగిన అరటిపండ్లపై ముసురు పండు ఈగలు నా జ్ఞాతులే. అయితే వారికి రెక్కలు రెండు, నాకు నాలుగు.

మా వంశచరిత్ర న్యూయార్కున మొదలైనది. కొలంబియా విశ్వవిద్యాలయమున థామస్ హంట్ మోర్గన్ పండితుని శిష్యుడగు కాల్విన్ బ్రిడ్జెస్, రెక్కల వెనుక బుడిపెలవలె నుండు హాల్టియర్లు కొంతమేరకు రెక్కలుగా మారిన ఈగను 1915లో గుర్తించి, దాని సంతతిని నిలిపెను. తరువాత పసడీనాలో ఎడ్వర్డ్ లూయిస్ మహాశయుడు దశాబ్దములపాటు మా తరతరములను సంకరపఱచి, హాల్టియరు ముందుభాగమును రెక్కగా మార్చు లోపమును, వెనుకభాగమును మార్చు లోపమును ఒక్క దేహమున కూర్చగా, నావంటి ఈగలు రూపుదాల్చినవి.

ఈగ ఉరమునందు మూడు ఖండితములు కలవు. రెండవదానికి రెక్కలు, మూడవదానికి హాల్టియర్లు మొలచును. మూడవ ఖండితమునకు సైతము రెక్కను మొలపించు సామర్థ్య మున్నను, అల్ట్రాబైథొరాక్స్ అను జన్యువు అచ్చట మేల్కొని, తాను పుట్టించు ప్రోటీనుచే రెక్కను నిర్మించు ఇతర జన్యువులను అదుపున నుంచుటవలన, రెక్కకు మాఱుగా హాల్టియరే ఏర్పడును. నాయందా జన్యువు ఆ తావున మేల్కొనకపోవుటచే, మూడవ ఖండితము రెండవదాని రూపమునే ధరించెను. ఎగురునపుడు నిలకడనిచ్చు హాల్టియర్లు లేనందున, నాలుగు రెక్కలుండియు నేను ఎగురజాలను.

మా మూడవ క్రోమోజోముపై అల్ట్రాబైథొరాక్స్ చేరియున్న కూటమిలోని జన్యువులు, దేహమున ఖండితము లేవరుస నున్నవో ఆ వరుసనే అమరియున్నవని లూయిస్ గ్రహించి, 1978లో నేచర్ పత్రికయందు ప్రకటించెను. పిండదశలో ఖండితము లేర్పడు విధమును శోధించిన క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్ లతో గూడ ఆయన 1995లో నోబెల్ బహుమానము నందెను. ఇట్టి జన్యువులు మానవునియందు 39 కలవు. నాలుగు గుంపులుగా నిలిచి, అవియును వరుస తప్పక, వెన్నుపూసలలో మెడవి యేవో, ఱొమ్మువి యేవో నిర్ణయించుచున్నవి.

నా అధికపు రెక్కలను వికృతియని తలచువారికి నేను మనవి చేయున దొక్కటే: అవి వెలుపలినుండి వచ్చి చేరినవి గావు, ఒక నిగ్రహము తొలగినందున లోపలినుండి వెలువడినవి. దేహనిర్మాణమున మొలపించు శక్తి యెంతటిదో, మొలవనీయక నిలుపు శక్తియు నంతటిదే.