ఒక కంప్యూటరు ఆత్మకథ

గోలకొండ నేలిన ఇబ్రాహీం కులీ కుతుబ్‌షా పేర వెలసిన ఇబ్రహీంపట్నమున, పెద్దచెరువునకు అనతిదూరమున, నాగార్జునసాగరమునకు పోవు రహదారి ప్రక్కనున్న యొక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో, గోడవారగా వేసిన బల్లపై నివసించు కంప్యూటరును నేను. విద్యార్థుల అభ్యాసములను, మార్కుల పట్టికలను మోయుటతో నా బాల్యము గడచినది. యౌవనమున మాత్రము నేనెన్నడును చూడని మనుష్యుల మెదళ్లు నా యొడిని చేరినవి.

అవి ఆబైడ్ అను సంచయమునుండి వచ్చినవి. లోకములోని పరిశోధకులకు 2012లో తెరువబడిన ఆ భాండాగారమున 17 కేంద్రములు సమకూర్చిన 1112 మంది చిత్రములున్నవి; వారిలో ఆటిజము గలవారు 539 మంది, లేనివారు 573 మంది. అందరును ఎమ్మారై సొరంగమున ఏ పనియు చేయక పరుండినవారే. ఊరకున్న మెదడునందును దూరభాగముల రక్తములో ప్రాణవాయువు హెచ్చుతగ్గులు జతగూడి సాగునని 1995లో భరత్ బిస్వాల్ బృందము చూపినది మొదలు, ఆ జతలనుబట్టి మెదడులోని బంధములను గుర్తించుట యొక శాస్త్రమైనది.

అయితే, పరుండుమన్నంతమాత్రమున తల ఊరకుండునా? సాగరురోడ్డున బస్సు గుంతలో పడినపుడు ప్రయాణికులందరు నొక్కసారి ఊగుదురు. అంతమాత్రమున వారు బంధువులగుదురా? తల ఇంచుక కదలినను మెదడు భాగములన్నియు నట్లే ఒక్కుమ్మడి ఊగి, లేని చుట్టరికమును నటించును. పైగా ప్రక్కప్రక్క భాగముల బంధము హెచ్చినట్లును, దూరభాగములది తగ్గినట్లును తోచును. ఆటిజమున దూరబంధములు సన్నగిల్లునన్న వాదమునకు ఈ రూపము అచ్చముగా సరిపోవును గనుక, కదలికయే వ్యాధిలక్షణముగా వేషము వేసికొనగలదు. ఈ ప్రమాదమును 2012లోనే అమెరికాలో పవర్, వాన్ డైక్, శాటర్‌త్వెయిట్ బృందములు వేరువేరుగా చాటినవి.

ఆ కదలికను పట్టుటకై నేను ఒక్కొక్కరి చిత్రముల వరుసలో ప్రతి చిత్రమున తల మూడు దిక్కుల జరుగుటను, మూడు అక్షములపై తిరుగుటను కొలుతును. తిరుగుటను 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల గోళముపై దూరముగా మార్చి, వెనుకటి చిత్రమునుండి వచ్చిన మార్పుల నారింటిని, ధనఋణ భేదము విడిచి, కూడుదును. ఒకనాడు ఆ మొత్తములను చూపు ఒక బాలుని గీత (నాకతడు సంఖ్యామాత్రుడు) చాలసేపు 0.2 మిల్లీమీటర్ల లోపల నేలబారుగా సాగి, హఠాత్తుగా ఒక మిల్లీమీటరు దాటి ఎగసినది. దాని క్రింద, మెదడు భాగముల వెలుగును కాలక్రమమున చూపు పటమున, సరిగా అచ్చటనే మెదడంతట నొక నిలువుచార పడినది.

“తలను మళ్ల చోటుకు తెచ్చి సరిచేసినం గద సార్, ఇంకా ఈ చార ఎందుకుంది?” అని విద్యార్థిని అడిగినది.

“చోటు సరైంది గానమ్మా, వెలుగు సరి కాలేదు” అని ఆచార్యుడు పలికెను.

తల కదలినపుడు అయస్కాంతక్షేత్రము చెదరును, పొరలు వేళతప్పి ఉత్తేజితములగును. చిత్రమును స్వస్థానమునకు జరిపినంతనే ఆ వికారము పోదు. కావున ఫ్రిస్టన్ బృందము 1996లో చూపిన మార్గమున కదలిక కొలతలు, వాని వెనుకటి విలువలు, వర్గములు కలిసి 24 రాశుల ప్రభావమును తీసివేసి, అప్పటికిని హద్దు మీరిన చిత్రములను లెక్కనుండి తొలగింతును.

ఇచ్చటనే ధర్మసంకటము. హద్దు బిగించినచో మిక్కిలి కదలు పిల్లలే, అనగా ఎవరికొరకై యీ శోధన సాగుచున్నదో వారే, ముందుగా జారిపోవుదురు. సడలించినచో కదలికయే రాజ్యమేలును. ఏ హద్దును ఈ చిక్కు నుండి మనలను పూర్తిగా తప్పింపజాలదు; దానిని దాచక చెప్పుటయే శాస్త్రధర్మము.

కావున చదువరులారా, మెదడు బంధములనుగూర్చి యెట్టి ఫలితమును చూచినను, ఇరుపక్షములవారును సమముగా కదలిరా, ఎందరిని లెక్కనుండి తొలగించిరి అని ముందుగా అడుగుడు. ఆ రెండింటికి బదులులేని పటమును నమ్మకుడు.