కడుపుకు వేసవి సెలవులు

2025లో మధ్యాహ్న భోజనం సరుకుల రేటు పెంచారన్న వార్త మీరూ చదివే ఉంటారు. ప్రైమరీ పిల్లవాడికి పూటకు 6 రూపాయల 19 పైసలు ఉండేది, దాన్ని 6 రూపాయల 78 పైసలు చేశారు. అక్షరాలా 59 పైసల పెంపు. మే 1 నుంచి అమలు. ఆ రోజు గుజరాత్ అవతరణ దినం, బడికి సెలవు. 4వ తేదీ ఆదివారం. 5 నుంచి జూన్ 8 దాకా వేసవి సెలవులు. ఈ లెక్కన సూరత్‌లోని మా బమ్రోలి పిల్లవాడు పెరిగిన రేటుతో తిన్నది రెండు పూటలు, కొత్తగా ముట్టింది రూపాయి 18 పైసలు. మన తెలుగు రాష్ట్రాల్లో ఆ భాగ్యమూ లేదు. ఏప్రిల్ 24 నుంచే అక్కడ బడి పొయ్యిలు చల్లారిపోయాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సెలవుల్లో భోజనం ఆపినందుకు కొందరు కోపగించుకుంటున్నారు. వాళ్లు చట్టం చదవలేదు. 2013 ఆహార భద్రతా చట్టం, ఐదో సెక్షన్. ఎనిమిదో తరగతి దాకా, లేదంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు రోజూ ఒక పూట ఉచిత భోజనం, బడి సెలవు రోజుల్లో తప్ప. ఆరేళ్ల లోపు వాళ్ల అంగన్‌వాడీ భోజనం గురించి రాసిన చోట ఈ ‘తప్ప’ లేదు. దీన్నిబట్టి తేలేదేమంటే, ఆరేళ్లు నిండి పాలపళ్లు ఊడే వేళకు మనిషి కడుపు సర్కారీ కొలువులో చేరుతుంది. అప్పట్నుంచి దానికి ఆదివారం సెలవు, ఉత్తరాయణానికి సెలవు, దీపావళికి మూడు వారాలు, ఎండాకాలం 35 రోజులు. పద్నాలుగేళ్లకు రిటైర్మెంటు. పెన్షన్ మాత్రం అడక్కూడదు.

ఇంట్లో ఒక్కరికైనా సర్కారీ కొలువుంటే బాగుండునని మా బమ్రోలి పద్మశాలీలు ఏళ్ల తరబడి కోరుకుంటున్నారు. ఉంది కదా! తండ్రిది పవర్‌లూమ్ కార్ఖానా, పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. తల్లి ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరిస్తుంది, పీసుకింత అని. వాళ్లవి ప్రైవేటు కడుపులు, రోజూ డ్యూటీకి రావాల్సిందే. నాలుగో తరగతి కొడుకు కడుపొక్కటే దర్జాగా లీవు మీదుంది. ఐదేళ్ల చెల్లి కడుపుకింకా ఉద్యోగం రాలేదు గనుక పాపం అది అంగన్‌వాడీకి వెళ్లి తినొస్తుంది. ఏడాది ఆగితే దానికీ ఆర్డరొస్తుంది.

సెలవన్నాక ఊరు వెళ్లాలి. నవజీవన్ ఎక్కించి వరంగల్‌లో దింపారనుకోండి. నాయనమ్మ ఊళ్లో బడి ఇంతకుముందే మూసేశారు. డెప్యుటేషన్ మీద వెళ్లిన కడుపు దగ్గర జాయినింగ్ తీసుకునే నాథుడు లేడు. ఇంకాస్త దూరం పోయి ఆంధ్రలో దిగినా అంతే. అక్కడి పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఏ అర్ధరాత్రి ఎవరు తలుపు కొట్టినా వండి వడ్డించిన తల్లి ఆమె. ఆమె పేరున్న వంటగది కూడా క్యాలెండర్ చూసుకుని తాళం వేసింది.

అమెరికా వాళ్లకు ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. పిల్లల కడుపులు ఎండాకాలంలోనూ పనిచేస్తాయని భ్రమపడి సెలవుల్లో ఉచిత భోజనాలు పెడుతున్నారు. పైగా ఆ భోజనం ఎక్కడ దొరుకుతుందో సెలవులకు ముందే తల్లిదండ్రులకు తెలిసేలా చేయాలని 2010లో చట్టం చేసి ఆ పని బడుల మీద పెట్టారు. ఫోన్‌లో ‘ఫుడ్’ అని మెసేజ్ కొడితే దగ్గరి కేంద్రం అడ్రసు వస్తుందట. మనం మాత్రం తక్కువ తిన్నామా? మన తల్లిదండ్రులకూ సమాచారం అందాలి. సూరత్ కార్పొరేషన్ బడులు గుజరాతీతో పాటు తెలుగు, ఒడియా, మరాఠీ, ఉర్దూ మాధ్యమాల్లోనూ నడుస్తున్నాయి కాబట్టి ఒక నోటీసు రాసి అన్నిట్లోకీ మార్చుకోవచ్చు. తెలుగు చిత్తు ప్రతి నేనే రాసి పెట్టాను.

“బమ్రోలి తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, మీ పిల్లల కడుపులకు మే 5వ తేదీ నుండి సెలవు మంజూరైనది. సెలవు కాలమందు కలుగు ఆకలి అనధికార ఆకలిగా పరిగణింపబడును. పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అను ప్రమాణము ఈ కాలమునకు వర్తించదు. చాయ్, బిస్కెట్లు సొంత ఖర్చుపై సేవించవచ్చును. పొరుగింటి పోపు వాసన పీల్చుటకు అభ్యంతరము లేదు. జూన్ 9వ తేదీన కడుపు ఖాళీగా, సకాలములో విధులకు హాజరు కావలెను.”

సెలవు రద్దు చేసే అధికారం లేకపోలేదు. కరువు ప్రాంతాల్లో వేసవిలోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. 2016లో మళ్లీ చెప్పింది. కరోనా లాక్‌డౌన్ పెట్టిన 2020లో కేంద్రమే ముందుకొచ్చి వేసవి సెలవులకు కూడా భోజనమో సరుకులో ఇస్తామంది, 1600 కోట్లు అదనంగా ఇస్తామనీ ప్రకటించింది. అంటే లీవులో ఉన్న కడుపును డ్యూటీకి పిలిపించాలంటే వానలు ఎగ్గొట్టాలి, లేదా లోకమంతా జబ్బు పడాలి. తాపీ ఒడ్డున ఉన్న సూరత్‌ను కరువు ప్రాంతమని ఎవరు ప్రకటిస్తారు? మగ్గాలు ఆగి కూలి పడకపోతే, నేతగాడి గదిలో వచ్చిన కరువు ఏ కలెక్టరు లెక్కకూ రాదు.

ఎకసెక్కం ఇక చాలు. 6 రూపాయల 78 పైసల చొప్పున ఒక్క రోజూ మానకుండా 35 రోజులూ పెట్టినా పిల్లవాడి సరుకుల ఖర్చు 237 రూపాయల 30 పైసలు, పైన మూడున్నర కిలోల గింజలు. రింగ్ రోడ్డు మార్కెట్లో ఓ మోస్తరు చీర దీనికంటే ఎక్కువ పలుకుతుంది. ఆ చీర నేసేవాడి కొడుకు మీద ఈ పొదుపు చేస్తున్నారు. పెట్టినా పిల్లలు రారండీ, ఊళ్లకు పోతారండీ అంటారు. రమ్మని ఎవరైనా చెప్పారా? ఎన్నికలొస్తే ఓటరు చీటీ గల్లీ చివర రేకుల గది దాకా వస్తుంది, తలుపు కొట్టి మరీ చేతిలో పెడతారు. అన్నం కబురు మోయడానికి మాత్రం ఆ కాళ్లకు దారి తెలియదా? పిల్లలు మాడుతున్నారని తెలియక కాదు, తెలిసే 35 రోజులు చూడనట్టు ఉంటున్నారు. 2020లో చేయగలిగిన పనిని 2025లో చేయలేకపోవడానికి డబ్బు అడ్డం కాదు, చట్టం అడ్డం కాదు, సిగ్గు లేకపోవడమే అడ్డం.

పార్లమెంటు సభ్యులారా, ఆ ఐదో సెక్షన్‌లోంచి సెలవుల ముక్క కొట్టేయండి. కొట్టేసిన రోజున బమ్రోలి గల్లీల్లో చాటింపు మేమే వేసుకుంటాం, మీకు పైసా ఖర్చు లేకుండా.