‘టీ ఫర్ టూ’: సవ్యాఖ్యానము

అవతారిక: స్వరకర్త విన్సెంట్ యూమన్స్, పదకర్త అర్వింగ్ సీజర్. ‘నో, నో, నానెట్’ అను సంగీతనాటకములోని ఈ పాటకు 1924లో న్యూయార్కు హార్మ్స్ వారు అచ్చొత్తిన పియానో కాగితము మనకు ప్రమాణము. పై వరుస గాయకునికి, క్రింది రెండును పియానో వాయించువారి కుడియెడమ చేతులకు.

ప్రతిపదార్థము: టీ = తేనీరు; ఫర్ = కొరకు; టూ = ఇరువురు. ఇరానీ హోటళ్లవారి ‘వన్ బై టూ’ పాఠము గ్రాహ్యము కాదు. ఇచట కప్పుల సంఖ్య చెప్పబడలేదు.

ఛందస్సు: ఒక దీర్ఘము, ఒక హ్రస్వము, మరల అదే. పల్లవి పొడవునా హగణములే వినవచ్చును. మన గురువు రెండు మాత్రలతో తృప్తిపడును. ఇచటి గురువు ప్రక్కన చుక్క పెట్టించుకొని మూడింటిని ఆక్రమించినాడు.

శ్రుతి: నాలుగు ఫ్లాట్లతో, అనగా ఏ-ఫ్లాట్ మేజర్‌లో, ఆరంభము. నడుమ అంతరగాంధారమునే క్రొత్త షడ్జముగా నిలిపి సీ మేజర్‌లోనికి ఎక్కి, మరల దిగును. కచేరీ మధ్యలో శ్రుతిపెట్టె మార్చిన వానిని మనము వేదిక దింపుదుము. వీరు చప్పట్లు కొట్టిరి.

శంక: పల్లవిలో తేనీటి ప్రసక్తి ఒక్క పంక్తిలోనే కలదు. పిమ్మట నాయిక తెల్లవారగానే లేచి కేకు చేయవలెనట, ఆపైన సంతానమట. మరి టీ కాచువారెవరు? పాలు, పంచదార మాటేమి?

సమాధానము: ట్యూను నిలుచుటకై అప్పటికి ఏవో మాటలు వేసితిననియు, యూమన్స్ వానినే ఉంచుమనెననియు సీజర్ చెప్పుకొనుచుండెను. కావున టీ వచ్చినది దాహమువలన కాదు, గణమువలన. దీర్ఘస్వరముపై కూర్చుండగల ఏకాక్షరము కావలసివచ్చినది. కాఫీ అనినచో గణభంగము. ‘ఫర్’ పొల్లుహల్లుతో గురువు కావలసియుండగా లఘువుగా వాడుట కవిస్వాతంత్ర్యము, క్షమింపనగును.

పాఠాంతరము: 1927లో నికొలాయ్ మాల్కో అను వాద్యబృంద నిర్దేశకుడు ఈ పాట రికార్డును షొస్తకోవిచ్ అను యువ స్వరకర్తకు వినిపించి, కాగితము చూడక, గంటలో వాద్యబృందమునకు కూర్పుమని నూరు రూబుళ్లు పందెము వేసెను. ఆ యువకుడు గంట నిండకమునుపే ముగించి సొమ్ము గెలిచెను. ఆ కూర్పు పేరు ‘టాహిటీ ట్రాట్’. శీర్షిక మారినందున టీ లోపించెనని చింతింపవలదు. ‘టాహిటీ’ చివర నిలిచియేయున్నది, అదియును గురువే.