జీలుగు చెట్టు ఆత్మకథ

నన్ను నాటింది మనిషి కాదు, పునుగుపిల్లి. ఒక రాత్రి ఎక్కడో పండు తిని, వాగు ఒడ్డున గింజ వదిలిపోయింది. ఆ తేమ నేలలో మొలిచాను. అశ్వారావుపేట దాటి గోదావరి వైపు సాగే గట్లలో, కొండరెడ్ల గూడేనికి దగ్గరలో ఉంటాను. ఒకప్పుడు ఇది ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం.

తాటికీ ఈతకీ చుట్టాన్నే అయినా నా బతుకు తీరు వేరు. పదీ పదిహేనేళ్లు పూత లేకుండా పెరుగుతాను. ఎండను ఆకుల్తో పట్టి, పిండిగా మార్చి బోదెలో దాచుకుంటాను. తర్వాత తలమీద మొదటి గెల వేస్తాను. అక్కణ్నుంచి ఒక్కొక్క గెలా కిందికి దిగుతూ వస్తుంది. అన్నిటికంటే కింది గెలతో నా ఆయువు తీరిపోతుంది. రెండో కాపు నాకు లేదు.

గెల విచ్చుకోక ముందే గూడెంలో కల్లు గీసే తాత వెదురు నిచ్చెన వేసుకుని పైకొస్తాడు. పొర ఒలిచి, కొస కోసి, సొరబుర్ర కడతాడు. పొద్దునా సాయంత్రం పలచగా ఒక చెక్కు తీస్తాడు, గాయం ఆరిపోకూడదు కదా. తెల్లవారుజామున దింపింది తియ్యగా ఉంటుంది. ఎండెక్కేసరికి నురగ కట్టి పులుస్తుంది. గాలిలోనూ బుర్ర గోడల్లోనూ ఉన్న ఈస్టే ఆ పని చేస్తుంది.

తాత మనవడు హైదరాబాదులో బీరు కాసే చోట పనిచేస్తున్నాడు. మొన్న సెలవుకొచ్చి నా మొదట్లో కూర్చుని తాతకు ఆ పని వివరించాడు.

“బార్లీ గింజలో చక్కెర ఉండదు తాతా, పిండే ఉంటుంది. గింజను నానబెట్టి మొలకెత్తించి ఎండబెడతారు. మొలకలో పుట్టిన ఎంజైములే పిండిని చక్కెర చేస్తాయి. విదేశాల్లో ఇళ్లలో కాసుకునేవాళ్లు ఆ గింజను బరకగా పగలగొట్టి, గుడ్డసంచిలో పోసి, 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. వేడి మరీ ఎక్కువైతే ఎంజైములు చచ్చిపోతాయి.”

“తర్వాత సంచి పిండేస్తారా?”

“పైకెత్తి నీళ్లు ఓడనిస్తారు. పిప్పిలో ఇంకా తీపి మిగిలుంటుంది. దాన్ని దించడానికి 75 డిగ్రీల నీళ్లు నెమ్మదిగా పోసి కడుగుతారు. అంతకు మించి వేడైతే పొట్టులోని వగరు దిగుతుంది.”

తాతకు వెంటనే అర్థమైంది. కరువు రోజుల్లో అతని పెద్దలు నాలాంటి చెట్టును కొట్టి, లోపలి గుజ్జు దంచి, గుడ్డలో వేసి నీళ్లు పోస్తూ పిసికేవారు. అడుగున పేరిన పిండి అంబలి అయ్యేది. గుడ్డలో కడగడం రెండుచోట్లా ఉంది. బార్లీవాళ్లు తీపిని దించుకుంటారు, వీళ్లు పిండిని దించుకున్నారు. ఆ పిండిని చక్కెరగా కరిగించే పని బతికున్న చెట్టుగా నేనే చేస్తాను. పూతకాలం రాగానే ఏళ్ల తరబడి దాచిందంతా కరిగించి గెలకు పంపుతాను. పొయ్యీ సంచీ నాకు అక్కర్లేదు, కాలం చాలు.

అందుకే వేసవిలో గింజలు నిండుకున్న ఇంటికి నా కల్లు తిండి. 1945లో అచ్చయిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ సంగతి రాశాడు. ఆ తిండి మీద అంతకు చాలా ముందే తెల్లదొరల ప్రభుత్వం చెయ్యి వేసింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని అబ్కారీ నిబంధనలతో అడ్డుకుని, హక్కును గుత్తేదార్లకు కట్టబెట్టింది. దానికితోడు కల్లు మీద చిగురుపన్ను. 1879 మార్చిలో రంప మన్యం తిరగబడింది. ఆ ఏడే పితూరీ భద్రాచలం తాలూకాకూ పాకింది. చెట్టు ఇచ్చిన తీపికి ఎవరో కిస్తీ కట్టించుకోవడం ఆ మనుషులు సహించలేదు. వాళ్ల పక్షాన నిలబడటం నాకు గర్వం.

ఇప్పుడు నా బాధ వేరు. కొస కోసిన గెల కాయదు. అన్ని గెలలూ గీస్తే నా గింజ ఒక్కటీ నేల మీద పడదు, నేను పోయాక ఈ వాగు ఒడ్డున జీలుగు ఉండదు. నా పండు గుజ్జు దురద పుట్టిస్తుంది కాబట్టి మనిషికి దానితో పని లేదు, పునుగుపిల్లికి ఉంది. ప్రతి చెట్టుకూ ఒక్క గెలనైనా పండనివ్వండి. ఈరోజు గింజ పడితే అది గీతకు రావడానికి పదిహేనేళ్లు పట్టవచ్చు. గీసే చెయ్యి తాతదే అయినా, వదిలే గెల మనవడి పిల్లలది.